డోలీ ఎక్కిన టూస్ట్రోక్ బండి

ఆ బండిని ఎంచి పెట్టడానికి గౌరునాయుడు మేస్త్రికి ముప్పావు గంట పట్టింది. అందులో పావుగంట టీ తాగడానికే పోయింది. అదే బండిని ఎంచడానికి ప్రభుత్వం వారికి పద్నాలుగు నెలలు పట్టింది. వాళ్ళెన్ని టీలు తాగారో రికార్డుల్లో లేదు. దీన్నిబట్టి మేస్త్రి చురుకైనవాడనీ, ప్రభుత్వం మందకొడిదనీ ఎవరైనా అనుకుంటే అన్యాయం. ప్రభుత్వం కూడా మొదటి నెలలోనే ఆ బండి దగ్గరకొచ్చింది. వచ్చాక, సరైన పద్ధతిలో వచ్చామా లేదా అని అనుమానం పుట్టి, మళ్ళీ మొదటి నుంచి బయల్దేరింది. అంతే తేడా.

బండి కావలసింది వంతల బొంజుబాబుకి. సిరిమామిడి ఆరోగ్య కేంద్రంలో అతను హెల్త్ అసిస్టెంటు. గుమ్మకొండ మీది ఊళ్ళన్నీ అతని బాధ్యతే. వాటిలో చిట్టచివరిది నిట్టపుట్టు. తారురోడ్డు ఆగిపోయిన చోటు నుంచి పదకొండు కిలోమీటర్లు, పదహారు మలుపులు, దాటడానికి రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, మిగతాదంతా రాళ్ళు. టీకాల పెట్టె భుజాన వేసుకుని బొంజుబాబు పొద్దున్నే ఎక్కడం మొదలుపెడితే మధ్యాహ్నానికి చేరేవాడు. జబ్బుపడ్డవాళ్ళు ఆ దారినే కిందికి రావాలి. వాళ్ళకి డోలీయే గతి. వెదురుబొంగుకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, ముందిద్దరు వెనకిద్దరు మోసుకుంటూ దిగుతారు.

కిందటేడు కిల్లో గాసన్న భార్య మాలతిని అలాగే దించారు. తొలికాన్పు. బొంజుబాబు డోలీ పక్కనే నడిచాడు. ఎనిమిదో మలుపు దగ్గర, ఆ రాళ్ళ మధ్యనే, బిడ్డ పుట్టింది. తారురోడ్డు చేరేలోపు పోయింది. తల్లి మాత్రం దక్కింది. గాసన్న ఎవరినీ ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బొంజుబాబుకి కొంత తేలికగా ఉండేది. ఆ మౌనం భరించలేక తనే అన్నాడు, “ఈసారి నీ ఇంటికి డోలీ రాదు గాసన్నా. ఇది నా మాట.” మాటయితే ఇచ్చాడు గానీ దాన్నెలా నిలబెట్టుకోవాలో ఆ క్షణాన అతనికి తెలియదు.

సొంతంగా ఒక బండి కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొన్నాడు కూడా, ఒకప్పుడు. ప్రభుత్వ టీకాలను ప్రైవేటు వాహనం మీద తీసుకెళ్ళి వాటి హోదాకు భంగం కలిగించాడని మెమో ఇచ్చారు. భుజం మీద తీసుకెళ్తే భంగం లేదట, భుజం ప్రభుత్వోద్యోగిది కాబట్టి. ఇంకోసారి ఆ బండి కొండ మీద కనిపిస్తే ఉద్యోగం ఊడుతుందన్నారు. పాపం, అమ్మేసుకున్నాడు.

అలాంటి సమయంలో రాజధానిలో ఎవరో పెద్దమనిషికి కొండదారుల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ ప్రేమ కొండబాట చైతన్య పథకం అనే పేరుతో జిల్లాకి దిగింది. ప్రతి కొండ ఆరోగ్య కేంద్రానికీ ఒక అల్పవ్యయ పర్వతమార్గ ద్విచక్ర వాహనం. కొత్తదే కానక్కర్లేదు, వాడినదైనా ఫరవాలేదు. సర్క్యులర్ చదివి బొంజుబాబు చొక్కా గుండీలు పెట్టుకుంటూనే గౌరునాయుడు షెడ్డుకి పరిగెత్తాడు.

షెడ్డులో మూడు బండ్లున్నాయి. ముందుగా ఎర్రగా, తళతళలాడేది చూసి బొంజుబాబు దాని దగ్గర ఆగిపోయాడు.

“రంగు సూసీసి పడిపోకు డాక్టరు బాబూ,” అన్నాడు మేస్త్రి. “పాత బండికి కొత్త రంగేసినాడంటే కింద ఏటో దాసీసినాడనే. ఇదిగో ఇక్కడ సూడు, ఫ్రేముకి అతుకు. కొండ మీద రెండో గెడ్డ కాడ నువ్వొక పక్క, అదొక పక్క.”

రెండోది పెద్దబండి, బలంగా ఉంది.

“ఇది రోడ్డు మీద రాజానే. కొండెక్కిస్తే నిన్నది మొయ్యదు, దాన్ని నువ్వు మొయ్యాల.”

మూడోది ఎవరూ చూడనట్టు మూల నిలబడి ఉంది. వెలిసిపోయిన ఆకుపచ్చ. ట్యాంకుకి ఎడంపక్క నాలుగంగుళాల సొట్ట. సైలెన్సరు ఎత్తు పెంచి వెల్డింగు చేసి ఉంది, గెడ్డ దాటేటప్పుడు నీళ్ళు పోకుండా. వెనక టైరుకి రాళ్ళ మీద పట్టు కోసం బుడిపెలున్నాయి.

“ఎక్కి కిక్కు మీద నిలబడు,” అన్నాడు మేస్త్రి. బొంజుబాబు నిలబడ్డాడు. కిక్కు అతని బరువుకి నెమ్మదిగా, బద్ధకంగా కిందికి దిగింది. “సూసినావా? దడాలున పడిపోతే పిస్టను రింగులు పోయినట్టు. ఇలాగ ఆలోసించి దిగితే లోపల గట్టిగున్నట్టు. తొంబైయైదు కిలోలే బరువు. పడిపోయినా ఒక్కడివే లేపుకోగలవు. పొగొస్తాది, టూస్ట్రోకన్నాక రావాల. రాకపోతేనే బయపడు, పెట్రోల్లో ఆయిలు కలపలేదని.”

“మీటరు నలభై ఒక్క వేల మూడొందల ఆరు చూపిస్తోంది మేస్త్రీ. ఎక్కువ తిరిగినట్టుందే?”

“ఆ మీటరు సూడకు బాబూ. కేబులు తెగి తొమ్మిదేళ్ళయింది. దాని పెట్టెలో సాలీడు కాపరం పెట్టింది. మీటరు కదలకపోయినా బండి కదుల్తాది, అది సాలు.” ధర ఇరవై ఎనిమిది వేలు చెప్పి, ఆసుపత్రికని తెలిశాక తనే ఇరవై ఆరుకి దిగాడు. ఇద్దరూ టీ తాగారు. పని అయిపోయింది.

అంటే, అయిపోయిందని బొంజుబాబు అనుకున్నాడు.

జిల్లా పర్వతమార్గ వాహనముల ఎంపిక సంఘానికి అధ్యక్షులు సత్యవరప్రసాద్ గారు. ఫైలు భాష ఆయనకి ఉగ్గుపాలతో వచ్చింది. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే, లవణ లోపం తమ దృష్టికి వచ్చినదని భార్యకి తెలియజేస్తారని ఆఫీసులో చెప్పుకునేవారు. ఆకుపచ్చ బండి వివరాలతో బొంజుబాబు పెట్టుకున్న అర్జీ ఆయన బల్ల మీదికే చేరింది. మొదటి సమావేశానికి బొంజుబాబుని కూడా పిలిచి గోడవార కుర్చీ చూపించారు.

“ఏడవ నిబంధన మిక్కిలి కీలకమైనది,” అన్నారు సత్యవరప్రసాద్. “సదరు వాహనము పరిశీలన నాడు ఏ స్థితిలో ఉన్నదో, వినియోగ స్థలమున అప్పగించు నాడు అదే స్థితిలో ఉండవలెను. వాడిన వాహనమునకు స్థితిని సూచించునది మీటరు. కావున మీటరుపై ఒక్క అంకె కూడా మారరాదు. మారినచో అది వేరొక వాహనము. వేరొక వాహనమునకు వేరొక ఫైలు.”

బొంజుబాబు లేచి నిలబడ్డాడు. “సార్, ఆ మీటరు—”

“సాంకేతిక విషయములు ఎజెండాలో తొమ్మిదవ అంశము. మనము ప్రస్తుతము రెండవ అంశమున ఉన్నాము. కూర్చొనుము.”

ఐదో అంశం దగ్గర భోజనాల వేళయింది. తరవాత జరిగిన పదకొండు సమావేశాల్లోనూ ఐదో అంశం దగ్గరే భోజనాల వేళయింది. ఆ జిల్లాలో తొమ్మిదో అంశాన్ని కళ్ళారా చూసినవాడు లేడు.

ఆ మొదటి సమావేశంలోనే మూడు కొటేషన్లు కావాలని తేల్చారు. అదేమంత పెద్ద కోరిక కాదు. కాకపోతే పోల్చి చూడాలంటే మూడు వాహనాలూ ఒకే స్థితిలో ఉండాలి. కొత్త బండ్లయితే కంపెనీ వాడే ఒకేలా చేస్తాడు. పాత బండ్లని ఒకేలా పాడుచేసే కంపెనీ ఇంకా పుట్టలేదు. సంఘం వారు ఎంపిక చేసిన బండికి ఎడంపక్క నాలుగంగుళాల సొట్ట ఉంది గనక, మిగతా రెండింటికీ ఎడంపక్క నాలుగంగుళాల సొట్ట ఉండాలని రాతపూర్వకంగా తెలియజేశారు.

“ఏటి, సొట్టకి సొట్ట కావాలా?” అన్నాడు గౌరునాయుడు, కాగితం రెండుసార్లు చదివించుకుని. ముప్పై ఏళ్ళ సర్వీసులో సొట్టలు తీయడమే గానీ పెట్టడం అతనికి అలవాటు లేదు. బొంజుబాబు మొహం చూసి జాలిపడ్డాడు. ఇద్దరు తోటి మేస్త్రుల దగ్గర ఇంచుమించు అలాంటి బండ్లు వెతికించి, స్కేలు పెట్టి గీత గీసి, రబ్బరు సుత్తితో నాలుగంగుళాలు కొట్టాడు. కొడుతున్నంతసేపూ నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు.

సంఘం తనిఖీకి వచ్చింది. ముగ్గురు సభ్యులు మూడు సొట్టలూ టేపుతో కొలిచారు. రెండో బండి సొట్ట మీద సత్యవరప్రసాద్ గారు వేలు పెట్టి చాలాసేపు ఆలోచించారు.

“ఇది ఇటీవలి సొట్ట. దీనికి అనుభవము లేదు,” అని దాన్ని తిరస్కరించారు. మూడో సొట్ట లోతు పావంగుళం తగ్గిందని దాన్నీ పక్కన పెట్టారు. ఆకుపచ్చ బండి మిగిలింది. దానికి లక్కతో సీలు వేసి, అంగుళం కూడా కదపరాదని గౌరునాయుడి దగ్గర సంతకం తీసుకుని వెళ్ళిపోయారు. అప్పటికి ఐదు నెలలు గడిచాయి. ఆ వారమే బొంజుబాబు కొండెక్కితే, గాసన్న ఇంటి ముందు మాలతి తల దించుకుని నవ్వింది. రెండో నెల. అతను రిజిస్టరులో ఆమె పేరు రాసుకుంటూ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. ఫైలుకీ మాలతికీ పందెం మొదలైందని అప్పుడే అర్థమైంది అతనికి.

ఇక బండికి కాలిబాట మీద పరీక్ష జరగాలి. ఆ కాలిబాట నిట్టపుట్టు దారిలోదైతే బాగుంటుందని బొంజుబాబు మనవి చేసుకున్నాడు.

“వాహన సౌకర్యము లేని ప్రాంతమునకు పర్యటన భత్యము వర్తించదు,” అన్నారు సత్యవరప్రసాద్. “మేము వచ్చుటకు అక్కడకు వాహనము పోవలెను. వాహనము పోవుటకు మేము పరీక్షించవలెను. కావున కాలిబాటనే ఇక్కడకు రప్పించెదము.”

నిజంగానే రప్పించారు. జిల్లా కార్యాలయం వెనక ఖాళీ స్థలంలో రెండు వందల మీటర్ల ప్రామాణిక కాలిబాట నిర్మాణానికి అనుమతి వచ్చింది. బండి వెలకి నలభై రెట్లు ఖర్చు. రాళ్ళు సహజంగా ఉండాలన్నారు, అందుకని గుమ్మకొండ నుంచే తెప్పించారు. ఎనిమిదో మలుపు దగ్గర, ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి వేసుకున్న మెట్లలాంటి బండరాళ్ళని కూలీల చేత పెకలించి దింపించారు. ఒక్కో రాయికీ తెల్లరంగుతో నంబరు వేశారు. గెడ్డ కోసం ట్యాంకరుతో నీళ్ళు వదిలారు. అంతా అయ్యాక భద్రతాధికారి వచ్చి, ఈ రాళ్ళ మీద ఎవరైనా జారిపడతారేమోనన్నాడు. దాంతో రాళ్ళ మీద సిమెంటు పోశారు. సిమెంటు మీద వేగం ఎక్కువవుతుందని ఇంజనీరు అన్నాడు. రెండు స్పీడుబ్రేకర్లు వేశారు. రిబ్బను కత్తిరించిన రోజు ఫోటోలో అది చాలా అందంగా వచ్చింది.

పరీక్షకి బొంజుబాబుని పిలిచారు. బండిని లారీలో తెచ్చి దించారు. అతను సంతోషంగా హ్యాండిలు పట్టుకోబోతే ఇంజనీరు చెయ్యి అడ్డం పెట్టాడు.

“స్టార్టు చేస్తారేమిటయ్యా! నడిపితే చక్రం తిరుగుతుంది, చక్రం తిరిగితే మీటరు తిరుగుతుంది. ఏడో నిబంధన.”

“మరి పరీక్ష ఎలా సార్?”

నలుగురు అటెండర్లు వచ్చారు. ఇద్దరు ముందు చక్రాన్ని నేలకి తగలకుండా ఎత్తి పట్టుకున్నారు, ఇద్దరు వెనక నుంచి తోశారు. రెండు వందల మీటర్లూ అలా తీసుకెళ్తుంటే సత్యవరప్రసాద్ గారు పక్కన నడుస్తూ రాయించారు. ఇంజను నుండి అనవసర శబ్దము రాలేదు. పొగ శూన్యము. ఇంధన వినియోగము శూన్యము. వాహనము స్పీడుబ్రేకర్ల వద్ద విధేయముగా ప్రవర్తించినది. అటెండర్లలో ఒకాయన నడుం పట్టేసి వారం సెలవు పెట్టాడు. దాన్ని వాహన లోపంగా పరిగణించలేదు.

ఆ నెల బొంజుబాబు కొండెక్కితే ఎనిమిదో మలుపు దగ్గర దారి లేదు. రాళ్ళు తీసినచోట వానకి మట్టి జారి, నడుంలోతు గొయ్యి పడింది. వేర్లు పట్టుకుని పక్క నుంచి పాకుతూ దాటాడు. మాలతికి అప్పుడు ఏడో నెల. “బండెప్పుడొస్తాది బాబూ?” అని గాసన్న అడిగాడు. రాళ్ళు ఎక్కడికి పోయాయో అడగలేదు. బొంజుబాబుకి మాత్రం సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

పద్నాలుగో నెలలో, మెడలో బంతిపూల దండతో, బండి మంజూరైంది. సిరిమామిడి ఆరోగ్య కేంద్రం ముందు లారీలోంచి దించుతుంటే గౌరునాయుడు సాయానికి వచ్చినట్టే వచ్చి, బొంజుబాబు చెవిలో ఊదాడు. “ప్లగ్గు శుభ్రం సేసినాను. ట్యాంకులో రెండు లీటర్లు, ఆయిలు కలిపే పోసీసినాను. ఆళ్ళకి సెప్పకు.”

తాళం కోసం బొంజుబాబు చెయ్యి చాపాడు. సత్యవరప్రసాద్ గారు తాళం జేబులో వేసుకున్నారు.

“అప్పగింత జరగవలసినది వినియోగ స్థలమున. అనగా నిట్టపుట్టున. అచ్చట మీటరు చదివి, నలభై ఒక్క వేల మూడు వందల ఆరు అని ధ్రువీకరించి, ఫోటో తీసి సాయంత్రమునకు రాజధానికి పంపవలెను. అంతవరకు వాహనము నడవరాదు.”

“తోసుకెళ్తానండీ.”

“తోసినను ముందు చక్రము తిరుగును.”

“చక్రం ఎత్తి పట్టుకుని పదకొండు కిలోమీటర్లా సార్? సార్, ఒక్క మాట. అసలా మీటరు—”

“తొమ్మిదవ అంశము,” అన్నారు సత్యవరప్రసాద్, ఆప్యాయంగానే. “స్థానిక రవాణా సాధనములను ఉపయోగించుకొనుమని సర్క్యులర్ చెప్పుచున్నది. ఇక్కడి ప్రజలు బరువులను దేనిలో తీసికొనిపోవుదురు?”

ఎవరో ఠక్కున చెప్పేశారు. ఆరోగ్య కేంద్రం డాక్టరు హైమవతి ఆ మాట విని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

కొండ కింది ఊరి నుంచి ఎనిమిది మందిని పిలిపించి, లావుపాటి వెదుళ్ళు రెండు జతచేసి, బండికి డోలీ కట్టారు. దుప్పటి చాలదని రెండు పరుపు గుడ్డలు కలిపి కుట్టారు. దండ నలక్కుండా పక్కకి సర్దారు. రెండో మలుపు దగ్గర సత్యవరప్రసాద్ గారికి మోకాళ్ళు సహకరించలేదు. అందుకని ఆయనకో డోలీ. దానికి నలుగురు. ముందు బండి, వెనక అధికారి, పక్కన టీకాల పెట్టె మోసుకుంటూ బొంజుబాబు. మలుపు మలుపుకీ డోలీలు దించి, మీటరు చూసి, సరిగానే ఉందని రాసుకుని, మళ్ళీ ఎత్తుకున్నారు. ఎక్కేకొద్దీ బొంజుబాబుకి కోపం కూడా పైకెక్కుతూనే ఉంది. అయినా ఏం చేస్తాడు, నోరు మూసుకుని నడిచాడు. పైకి చేరితే బండి తనదవుతుంది. మాలతికి ఇంకో వారం టైముంది. ఆ ఒక్క లెక్కతో అన్నీ దిగమింగాడు.

మాలతికి వారం టైము లేదు.

ఎనిమిదో మలుపు తిరిగేసరికి, గొయ్యికి అవతల ఒక డోలీ ఆగి ఉంది. బొంగు ముందు కొనకి భుజమిచ్చి గాసన్న. డోలీలోంచి మూలుగు వినిపిస్తోంది. రాళ్ళు లేని ఆ గొయ్యిలోకి డోలీతో దిగలేక, వెనక్కీ పోలేక, నలుగురూ చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. రెండు వైపులవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు.

గాసన్న బండిని చూశాడు. పరుపు గుడ్డలనీ, దండనీ చూశాడు.

“డాక్టరు బాబూ,” అన్నాడు నిజంగానే కంగారుపడి, “బండికేటయింది? జొరమా?”

బొంజుబాబు భుజాన ఉన్న పెట్టె కిందికి దించాడు.

“నా ఇంటికి డోలీ రాదన్నావు కదా బాబూ. నువ్వే రెండు తెస్తన్నావు.”

వెనక డోలీలోంచి సత్యవరప్రసాద్ గారు తల పైకెత్తారు. “మార్గమును అడ్డగించినది ఎవరు? ఇది ప్రభుత్వ ఆస్తి. వారిని తొమ్మిదవ మలుపు వరకు వెనుకకు పోయి నిరీక్షించమని చెప్పుము.”

అంతే. పద్నాలుగు నెలలుగా లోపల కుక్కుకున్నదంతా బొంజుబాబుకి ఒక్కసారిగా పొంగుకొచ్చింది. “నోరు మూసుకోండి సార్!” అని అరిచాడు. ఆ మాట కొండకి తగిలి తిరిగొచ్చింది. పెట్టెలోంచి కత్తెర తీసి బండి డోలీ తాళ్ళు టకటకా కత్తిరించాడు. మోస్తున్న ఎనిమిది మందీ, ఎవరూ చెప్పకుండానే, బండిని నెమ్మదిగా నేలకి దించారు. వాళ్ళలో ఒకడు సత్యవరప్రసాద్ గారి దగ్గరికెళ్ళి చొక్కా జేబులోంచి తాళం తీసి తెచ్చాడు. ఆయన డోలీలో పడుకుని ఉన్నారు, లేచి అడ్డుకోవడానికి పద్ధతి తెలియలేదు.

మోతగాళ్ళు గొయ్యిలోకి దిగి వరసగా నిలబడ్డారు. మాలతిని చేతుల మీదుగా, ఒకరి నుంచి ఒకరికి అందించి ఇవతలికి చేర్చారు. బొంజుబాబు కిక్కు మీద నిలబడ్డాడు. మొదటిసారి దగ్గింది. రెండోసారి అంటుకుంది. నీలంపొగ మలుపంతా కమ్మింది. మధ్యన మాలతి, వెనక ఆమెని పొదివి పట్టుకుని గాసన్న. ఫస్టు గేరులో, బ్రేకు మీద కాలు తీయకుండా, బంతిపూలు రాలుస్తూ బండి దిగింది. మొదటి గెడ్డలో నీళ్ళు సైలెన్సరు కిందే ఆగిపోయాయి. గౌరునాయుడి వెల్డింగు అది.

మాలతి ఆరోగ్య కేంద్రం మంచమెక్కిన ఇరవై నిమిషాలకి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఆరు వందలు. కేరుమని ఏడ్చింది. బొంజుబాబు గోడకి ఆనుకుని తనూ ఏడ్చేశాడు, ఎవరు చూసినా లెక్కచేయలేదు.

పొద్దు వాలేసరికి సత్యవరప్రసాద్ గారు కుంటుకుంటూ దిగొచ్చారు. వస్తూనే సస్పెన్షను, రికవరీ, క్రిమినల్ చర్య అని వరసగా ప్రకటించి, ఆధారం కోసం బండి ముందు వంగారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ వంగారు.

నలభై ఒక్క వేల మూడు వందల ఆరు.

“తొమ్మిదో అంశం సార్,” అన్నాడు బొంజుబాబు. “కేబులు తెగి పదేళ్ళు దాటింది.”

ఆయన మొహంలో రంగులు మారాయి. మీటరు సక్రమంగా ఉన్నదని పద్నాలుగు చోట్ల చేసిన సంతకాలు ఆయనవే. కాగితం, పెన్ను బయటికి తీశారు. తరవాత గొంతు సవరించుకున్నారు.

“రికార్డు ప్రకారము మీటరు పనిచేయుచున్నది. పనిచేయుచున్న మీటరు, వాహనము కదలలేదని చెప్పుచున్నది. కావున వాహనము కదలలేదు.”

“మరి మాలతి ఎలా వచ్చిందండీ?” అంది డాక్టరు హైమవతి.

“అది ఆరోగ్యశాఖ వారు తేల్చుకొనవలసిన విషయము,” అని ఆయన అక్కడే, బండి సీటు మీద కాగితం పెట్టి, వినియోగ స్థలమున యథాస్థితిలో అప్పగింత పూర్తి అని రాసి సంతకం చేశారు. ఫోటోలో వెనక కొండ పడింది, సరిపోయింది.

ఆ తరవాత బొంజుబాబు వారానికి మూడుసార్లు నిట్టపుట్టు వెళ్ళాడు. ఊరివాళ్ళు ఎనిమిదో మలుపు గొయ్యి పూడ్చి, కొత్త రాళ్ళు వేసుకున్నారు. రెండు పాముకాట్లు, ఒక విరిగిన కాలు, నాలుగు కాన్పులు బండి మీదే దిగాయి. ఆరు నెలలకి ఆడిటు వాళ్ళు వచ్చి మీటరు చూశారు. నలభై ఒక్క వేల మూడు వందల ఆరు. వినియోగము శూన్యము, సదరు వాహనమును వెనుకకు రప్పించి ప్రామాణిక కాలిబాట వద్ద ప్రదర్శనకు ఉంచవలెను, రప్పించునపుడు ఏడవ నిబంధన పాటించవలెను అని రాసి పోయారు. అంటే మళ్ళీ డోలీలోనే.

కాగితాల ప్రకారం బండి ఉండేది నిట్టపుట్టులోనే గనక, దాన్ని పట్టుకుపోవడానికి వచ్చిన గుమాస్తా అక్కడిదాకా నడిచి, రొప్పుతూ గాసన్న గుమ్మం ముందు కూలబడ్డాడు. మంచినీళ్ళు తాగాక డోలీ తెమ్మన్నాడు.

“డోలీ నేదు బాబూ,” అన్నాడు గాసన్న.

“లేకపోవడమేంటి? ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది కదా!”

“ఉండీది. బండొచ్చినాక ఏటి సేసుకుంటాం? బొంగులు పొయ్యిలో పెట్టీసినాం.”

గుమాస్తా నలుగురినీ అడిగాడు. అందరి పొయ్యిలూ అదే మాట చెప్పాయి. డోలీ లేనందున స్వాధీనము సాధ్యపడలేదని రిపోర్టు రాసుకుని దిగిపోయాడు. దిగేటప్పుడు కాళ్ళు నొప్పులంటే, ఆ రోజు టీకాలకని పైకొచ్చిన బొంజుబాబే బండి వెనక ఎక్కించుకుని రోడ్డు దాకా దింపాడు.

నెల తిరక్కుండా సత్యవరప్రసాద్ గారి సంతకంతో ప్రకటన వెలువడింది. నిట్టపుట్టు గ్రామమునకు వాడిన డోలీ ఒకటి కొనుగోలు చేయబడును. ఒకే స్థితిలో ఉన్న మూడు డోలీలకు మూడు కొటేషన్లు సమర్పించవలెను. ప్రకటన ఊళ్ళో అంటించాలి, పైకి పోవడానికి ఇంకెవరూ లేరు గనక ఆ కాగితం కూడా బొంజుబాబే బండి మీద పట్టుకెళ్ళాడు.

గాసన్న గోడకి మైదా పూసి అంటిస్తుంటే, మాలతి పిల్లని చంకనేసుకుని వచ్చి నిలబడింది. పిల్లకి ముందు రెండు పళ్ళొచ్చాయి. బండిని చూసి చేతులాడించింది.

“ఏటి బాబూ అది?”

“డోలీ కొంటారంటమ్మా.”

మాలతి మొహం పాలిపోయింది. “డోలీయా? ఎవలికి బాగోనేదు?”

“సర్కారుకి,” అని బొంజుబాబు బండెక్కి కిక్కు మీద నిలబడ్డాడు. కిక్కు నెమ్మదిగా, ఆలోచించుకుంటూ కిందికి దిగింది.